మూడు కప్పులు, రెండు గ్రాఫిక్స్ కార్డులు

2009వ సంవత్సరం, మే నెల పదిహేడవ తేదీ, ఆదివారం, ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు. ఆకాశంలో మబ్బు లేదు, చెట్టున ఆకు కదలడం లేదు. మా వరండాలోని ఉష్ణమాపకం ముప్పై అయిదు డిగ్రీలు చూపిస్తోంది. తిరుపతిలో మే నెలకు ఇది విశేషమేమీ కాదు. నా కంప్యూటరు గంటకొకసారి తనంతట తానే ఆగిపోతూ ఉంటే, లోపల దుమ్ము పేరుకుందేమోనని పెట్టె పక్క రేకు విప్పాను. వేడెక్కిన దుమ్ము, కాగిన ప్లాస్టిక్కు, వాటి అడుగున ఎక్కడో కొంచెం తీపి కలిసిన వాసన ముఖానికి కొట్టింది. చిత్తూరు దగ్గరి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో, సీజనంతా రాత్రింబగళ్ళు ఆపకుండా నడిచిన ల్యాబు యంత్రాల వెనక నుంచి ఇదే వాసన వచ్చేది. వెంటనే వరదరాజులు గారు గుర్తుకొచ్చారు. ఆయన వెనకే, ఎప్పటిలాగే, మునిరత్నం గుర్తుకొచ్చాడు. ఒకరు లేకుండా ఇంకొకరు నాకు గుర్తుకు రారు. నా బాధంతా అదే.

వరదరాజులు గారు మా చీఫ్ కెమిస్టు. నేను 1983 జూన్‌లో ఆయన కింద చేరాను. ఆయన 2001 మార్చిలో పదవీ విరమణ చేశారు. పద్దెనిమిది సీజన్లు ఆయన పక్కన పనిచేశాను. పొట్టి మనిషి. అందరూ చొక్కా జేబులో పెన్నులు పెట్టుకుంటే ఆయన రెండు స్టీలు చెంచాలు పెట్టుకునేవారు. గుజ్జులో చక్కెర శాతం చూపే గాజు పరికరం ఒకటి మా బల్ల మీద ఉండేది. ప్రతి ఉదయం దాన్ని శుద్ధి చేసిన నీటితో కడిగి, ఆ నీటికి సున్నా చూపిస్తోందో లేదో చూశాకనే తొలి డ్రమ్ము ముట్టాలి. ఒకరోజు తొందరలో నేను ఆ పని మానేశాను. ఆయన కేకలేయలేదు. "సున్నా సూపించని గాజు సెప్పే పదిహేను నాకెందుకప్పా?" అని మాత్రం అని, అప్పటికి పరీక్షించిన డ్రమ్ములన్నీ మళ్ళీ మొదటి నుంచి చేయించారు. ఈనాటికీ నేను తేదీ లేని మాటను నమ్మను, అంకె లేని పొగడ్తను పట్టించుకోను. ఈ అలవాటు ఆయన చేసిందే. ఆయన మాత్రం అంకె దగ్గర ఆగే మనిషి కాదు. నేను అక్కడే ఆగిపోయాను.

జేబులోని రెండో చెంచా ఎవరి కోసమో నాకు ఏడేళ్ళు తెలియలేదు. 1990లో మునిరత్నం ల్యాబులో చేరిన మూడో రోజున తెలిసింది. మాకు ఒక పరీక్ష ఉండేది. ఒకే రకం కప్పులు మూడు పెట్టేవారు. రెండింటిలో ఒకే డ్రమ్ము గుజ్జు, మూడో దాంట్లో వేరే డ్రమ్ముది. రంగు చూసి ఎవరూ కనిపెట్టకుండా ఆ గదిలో ఎర్ర బల్బు వెలిగించేవారు. ఏ కప్పులో ఏముందో పోసినవాడికి తప్ప తెలియదు. వేరేది ఏదో రుచి చూసి చెప్పాలి. చెప్పలేకపోతే ఆ రెండు డ్రమ్ములకూ తేడా లేనట్టే లెక్క. ఆ రోజు గాజు పరికరం రెండు డ్రమ్ములకూ పదిహేనే చూపించింది. చీఫ్ గారు మమ్మల్నిద్దరినీ ఎర్ర గదిలో కూర్చోబెట్టారు.

"ఏమప్పా దామోదరం, ఏది వేరే?"

"తేడా లేదు సార్. అన్నీ పదిహేనే."

"పదిహేనని గాజు సెప్పినాది. నీ నాలుక ఏం సెప్పినాది?"

నేను మళ్ళీ రుచి చూశాను. మూడూ మామిడి గుజ్జే. మునిరత్నం మూడో చెంచా నోట్లో ఉండగానే చెయ్యెత్తాడు. "నడిమిది సార్. నడిమిది రవ్వంత ఎక్కువ ఉడికినాది. మా అవ్వ బెల్లం పాకం అడుగంటించినట్టుండాది."

నడిమి కప్పులో ఉన్నది అయిదు నిమిషాలు ఎక్కువ కాగిన డ్రమ్ములోది. చీఫ్ గారు పకపకా నవ్వి, "ఒరే మునిగా, నీ నాలుకను ఫ్యాక్టరీ పేరన రాయించుకోవాలరా!" అంటూ జేబులోని రెండో చెంచా తీసి వాడి చేతిలో పెట్టారు. మరో పదకొండేళ్ళు అది వాడి దగ్గరే ఉంది. మధ్యాహ్నం కారియరు విప్పినప్పుడు ఆయన వాడిని పిలిచి ఊరగాయ వడ్డించేవారు. నన్ను పిలవలేదని కాదు, నన్నూ పిలిచేవారు. కాని నాకు వడ్డించేటప్పుడు ఫ్యాక్టరీ లెక్కలు అడిగేవారు, వాడికి వడ్డించేటప్పుడు "ఉప్పు సరిపోయిందా?" అని అడిగేవారు. ఈ రెండు ప్రశ్నలకు మధ్య ఎంత దూరముందో అది పడ్డవాడికే తెలుస్తుంది. నేను వాడికంటే ఏడేళ్ళు సీనియరును, బి.ఎస్సీ. మొదటి శ్రేణి; నా లెక్కల్లో ఏనాడూ తప్పు దొర్లలేదు. వాడికి ఊరికే వచ్చినది నాకు కష్టపడినా రాలేదు. అదే నన్ను దహించింది.

పదవీ విరమణ తర్వాత చీఫ్ గారు తిరుపతిలో ఇల్లు తీసుకున్నారు. మరుసటి ఏడు నేను కూడా ఉద్యోగం మానుకొని తిరుపతికే చేరాను. 2003 నాటికి ఆయన మోకాళ్ళు రెండూ పట్టేశాయి, స్కూటరు అమ్మేశారు. ఇంట్లో 2000లో కొన్న కంప్యూటరు ఒకటి ఉండేది. అందులో కొండదారుల మీద కార్లు నడిపే ఆట ఒకటి ఆయన పాలిట ఊరు తిరగడమయింది. పొద్దున కాఫీ తాగి "రేణిగుంట దాకా పొయ్యేసి వస్తా" అని భార్య సరోజమ్మ గారితో చెప్పి, ఆ బొమ్మ కారులో కూర్చునేవారు. ఆ ఆటలో ఎండ దారులు, మంచు దారులు, వాన దారులు ఉండేవి. వాన దారి వచ్చేసరికి ఆయన కంప్యూటరు చేతులెత్తేసేది. 2004 జూలై చివర్లో ఫోను చేశారు.

"దామోదరం, వానొచ్చిందంటే నా బండి నిలబడి నిలబడి పోతాండాదప్పా, మలుపులో ఎద్దులబండి మాదిరి. బొమ్మలు సూపించే కార్డు మార్చాలంట. పాత పెట్టెకు సరిపొయ్యేది, అయిదు వేలు దాటనిది ఒకటి సూడు."

"కొత్త కంప్యూటరే కొనేయరాదా సార్?"

"దీంతో నాకేం తగవు ల్యా. వాన ఒక్కటి సరిగ్గా కురిస్తే సాలు." ఫోను పెట్టేయబోతూ అన్నారు: "మునిగానికి గూడా సెప్పినాను. ఇద్దురూ సెరొకటి తెండి."

చివరి మాట వినకపోయి ఉంటే అది నాకు ఒక చిన్న పని. విన్న తర్వాత అది నా పద్దెనిమిదేళ్ళ బాకీ అయింది. ఇది నాలుకతో పని కాదు, మామిడి కాదు. అంకెలతో తేలే వస్తువు. ఈ ఒక్క విషయంలోనైనా ఆయన మునిరత్నాన్ని పక్కనబెట్టి నా మాట తీసుకోవాలి. అంతకు మించి నేనేమీ కోరలేదు, కాని అంత గట్టిగా జీవితంలో మరేదీ కోరలేదు.

రెండు వారాలు నేను చేసిన పనిని ఈ రోజుకూ తప్పుపట్టలేను. ముందు ఆయన పెట్టె విప్పి, కార్డు కూర్చునే గాడి ఏ రకమో చూశాను. పాత బోర్డులు కనుక కరెంటు తేడా వస్తే కార్డూ బోర్డూ రెండూ కాలిపోతాయి. అందుకే పాతవాటికీ కొత్తవాటికీ పనికొచ్చేలా కింది అంచున రెండు గాట్లు ఉన్న కార్డులే చూడాలనుకున్నాను. కరెంటు ఇచ్చే పెట్టె సామర్థ్యం తక్కువ. కాబట్టి విడిగా తీగ గుచ్చే పని లేనిది కావాలి. తిరుపతిలో అన్ని దుకాణాలూ తిరిగి, ఒకరోజు పొద్దున బస్సెక్కి చెన్నై వెళ్ళి అక్కడి ధరలు కూడా కనుక్కొని వచ్చాను. డబ్బాల మీద అచ్చయిన ప్రతి అంకెనూ ఒక పట్టికలో వేశాను. చివరికి మిగిలినవి రెండు. ఒకటి 128 మెగాబైట్ల మెమరీది, ఫ్యాను లేకుండా అల్యూమినియం దిమ్మె మాత్రమే బిగించినది. రెండోది 256 మెగాబైట్లది, ఫ్యానుతో సహా. ధరలో తేడా రెండు వందలు. రెట్టింపు మెమరీకి రెండు వందలు ఎక్కువంటే ఇక ఆలోచించాల్సిందేముంది? 256 తీసుకున్నాను. శుక్రవారం సాయంత్రం పట్టికతో సహా ఆయన చేతికిచ్చి వచ్చాను. బల్ల మీద మునిరత్నం తెచ్చిన డబ్బా అప్పటికే ఉంది. 128. నాకు నవ్వొచ్చింది.

ఆగస్టు ఎనిమిదవ తేదీ ఆదివారం ఉదయం రమ్మన్నారు. వెళ్ళేసరికి మునిరత్నం స్క్రూడ్రైవరు పట్టుకొని సిద్ధంగా ఉన్నాడు. అప్పటికి వాడు పుత్తూరు రోడ్డులోని మరో ఫ్యాక్టరీకి ల్యాబు హెడ్డు. బొజ్జ కూడా వచ్చింది.

"ఏం మునిరత్నం, అన్నీ తిరిగి చూసి తెచ్చినావా?"

"యాడ తిరిగేదన్నా, సీజనుతోనే సరిపాయె. మా వీధిలో ఆటల సెంటరు పెట్టినాయన ఇది మంచిదన్నాడు, తెచ్చేసినా."

"అంటే అంకెలు చూడలేదు."

"అంకెలు నువ్వు సూసినావు గదన్నా, ఇంగ నేనెందుకు?" అని నవ్వాడు. వాడి నవ్వులో ఎకసెక్కెం లేదు. ఉంటే బాగుండేది.

చీఫ్ గారు కుర్చీలో వెనక్కి వాలి, నా పట్టికను మడిచి పక్కన పెట్టి, "దామోదరం, ఈ పొద్దు నువ్వే కూసో" అన్నారు. నాకు వెంటనే అర్థం కాలేదు. "మూడు కప్పుల పరీచ్చ" అన్నాక అర్థమయింది. మూడుసార్లు తెర చూపిస్తారు. రెండుసార్లు ఒకే కార్డు, ఒకసారి వేరేది. ఏది వేరేదో చెప్పాలి, ఏది మేలో కూడా చెప్పాలి. అలాంటివి మూడు విడతలు. కార్డు మార్చినా మార్చకపోయినా మునిరత్నం ప్రతిసారీ యంత్రం ఆపి, కార్డు ఊడదీసి, మళ్ళీ బిగించాలి. పట్టిన సమయాన్ని బట్టి నేను కనిపెట్టకూడదు కదా. ఏ క్రమంలో బిగించాలో చీఫ్ గారు నాణెం ఎగరేసి వాడికి మాత్రం చూపించేవారు. రెండు కార్డుల చిప్పూ ఒకే కంపెనీది కావడంతో మార్చిన ప్రతిసారీ కార్డును కంప్యూటరుకు కొత్తగా పరిచయం చేసే తతంగం అవసరం లేకపోయింది. యంత్రం మొదలయ్యేటప్పుడు తెర మీద కార్డు పేరు పడుతుంది. అందుకని ఆట తెరుచుకునేదాకా నేను వెనక వరండాలో ఉండాలి. అన్నీ సరిపోయాయి. అప్పుడు నేనే అన్నాను, "సార్, నా దానికి ఫ్యాను ఉంది. చప్పుడు వినిపిస్తుంది." నా దాన్ని నేను చప్పుడుతో గుర్తుపట్టి గెలిచానని ఎవరూ అనకూడదు.

ఆయన ముఖం వెలిగింది. "సరోజా! గ్రైండరు ఎయ్!"

సరోజమ్మ గారు కొంగు బిగించి వచ్చారు. "ఎందుకంట? బియ్యం నానేసింది రేపటికి."

"ఈ పొద్దే రుబ్బు. ఆపమనేదాకా ఆపొద్దు."

"మీ బొమ్మ కార్లకు నా పిండి ఏం పాపం చేసిందో! ఇంత పిండి ఎవురు తింటారబ్బా? వీధికంతా దోసెలు పోసేదా?" అంటూనే ఆమె గ్రైండరు వేశారు. ఆ రాళ్ళ హోరులో ఫ్యాను కాదు, పక్కింటి రేడియో కూడా వినబడలేదు. ఆ సాయంత్రం ఆమె అన్నంత పనీ చేశారు. వీధిలో ప్రతి ఇంటికీ పిండి వెళ్ళింది.

నేను తెర ముందు కూర్చున్నాను. వాన దారి. ముందు కారు చక్రాల నుంచి నీళ్ళు లేస్తున్నాయి, అద్దం మీద తుడుపు పుల్లలు ఆడుతున్నాయి. మొదటిసారి చూశాక ఏమీ తోచలేదు. రెండోసారి వరండా నుంచి వచ్చి కూర్చోగానే నా వెన్ను నిటారయింది. మలుపు దగ్గర ముందు కారు లేపిన నీటి తెర ఎక్కడా తెగలేదు. మొదటిసారి అది ముక్కలు ముక్కలుగా పడింది. ఇప్పుడు పలచని గుడ్డలా ఊగింది. మూడోసారి మళ్ళీ ముక్కలు. ల్యాబులో పద్దెనిమిదేళ్ళు నాకు ఎన్నడూ దొరకని ఆ తేడా, గాజు పరికరంతో పనిలేకుండా, నా కంటికి తనంతట తానే వచ్చి నిలబడింది.

"రెండోది వేరు సార్. రెండోదే మేలు."

రెండో విడతలో, "మొదటిది వేరు. తక్కిన రెండే మేలు." మూడో విడతలో, "మూడోది వేరు. అదే మేలు." మేలైనది నా 256 అని నాకు రవ్వంత సందేహం లేదు. ప్రతిసారీ గొంతు కొంచెం పెంచి చెప్పాను, మునిరత్నానికి కూడా వినబడాలని. వాడు స్క్రూలు ఏరుకుంటూ తలెత్తలేదు. ఓడిపోతున్నాడు కనుక తలెత్తడం లేదనుకున్నాను.

చీఫ్ గారు గ్రైండరు ఆపమన్నారు. ఇల్లంతా నిశ్శబ్దమయింది. "మూడుకు మూడు దామోదరం. వేరేదాన్ని మూడుసార్లూ పట్టేసినావు." నేను చొక్కా సవరించుకున్నాను.

"మేలన్నది..." అని నేనే అడిగాను.

"మునిగానిది. మూడుసార్లూ మునిగానిదే మేలన్నావు. ఈ పొద్దు నువ్వు సెప్పిందే తీర్పు. అదే బిగించెయ్ రా మునీ."

తర్వాత తెలుసుకున్నాను. మెమరీకీ చిప్పుకూ మధ్య సమాచారం నడిచే దారి వెడల్పు నా కార్డులో 64 బిట్లు, వాడి కార్డులో 128 బిట్లు. ఇరుకు దారి చివర ఎంత పెద్ద గోదాం కట్టినా సరుకు అందాల్సిన వేళకు అందదు. ఆ అంకె డబ్బా మీద అచ్చు వేయలేదు. అచ్చు వేయని అంకెకు నా పట్టికలో గడి లేదు. కాని ఆ మధ్యాహ్నం నాకు కనబడింది ఇదేమీ కాదు. కొత్త కార్డు మీద చీఫ్ గారు వానలో కారు తోలుకుంటూ, పసివాడిలా "సూడ్రా మునీ, నీళ్ళు సూడు, నీళ్ళు!" అని వాడి భుజం మీద చరచడం మాత్రమే కనబడింది. నాకు దొరికిన మూడుకు మూడు కూడా వాడి ఖాతాలోనే పడినట్టనిపించింది. నా కార్డును దుకాణానికి తిరిగి ఇవ్వలేదు. పౌరుషానికి పోయి నా కంప్యూటరులోనే బిగించుకున్నాను.

చీఫ్ గారు 2007 నవంబరులో పోయారు. మరుసటి ఏడు సంవత్సరీకానికి వెళ్ళినప్పుడు, ముందు గదిలో కంప్యూటరు ఉండే బల్ల ఖాళీగా కనిపించింది. సరోజమ్మ గారు దాన్ని మునిరత్నానికి ఇచ్చేశారని తెలిసి నాకు అన్నం సహించలేదు. చేతులు కడుక్కునే చోట వాడు ఎదురుపడ్డాడు.

"కంప్యూటరు నీకే చేరిందంట."

"అమ్మే తీసుకుపొమ్మనింది అన్నా. నీకు కావాలంటే సెప్పు, రేపే తెచ్చిస్తా."

"నాకెందుకు? ఆయనకు నువ్వంటే ప్రాణం. చెంచా నీకే, కార్డు నీదే, కంప్యూటరూ నీకే."

వాడు తువ్వాలు భుజాన వేసుకొని దగ్గరికొచ్చాడు. "అన్నా, నీకొక మాట సెప్పనే ల్యా. ఆ ఆదివారానికి ముందు రోజు, శనివారం, ఫ్యాను వినబడకుండా సెవుల్లో దూది పెట్టి నన్ను గూడా కూసోబెట్టినాడు. కార్డులు ఆయనే మార్చినాడు, అమ్మ పెట్టె పట్టుకొంటే. అవే మూడు విడతలు."

"నువ్వేం చెప్పినావు?"

"ఏం సెప్పేది? నాకు అన్నీ ఒకటే వాన మాదిరే కనబడ్డాయి. నోటికొచ్చింది సెప్పినా. మూడింట్లో ఒకటి తగిలింది. మర్నాడు నువ్వు టక్కు టక్కుమని సెప్తా ఉంటే నాకు కడుపులో మండినాదన్నా. తలెత్తి సూడలేకపోయినా. నువ్వు పొయ్యినాక సార్ ఏమన్నాడో తెలుసా? 'నా కండ్లు దామోదరం దగ్గరుండాయి రా' అన్నాడు. ఆ పొద్దు నాకు దోసె దిగలా."

"నాకెందుకు చెప్పలేదు?"

"నేనూ అదే అడిగినా. 'సెప్పితే వాడు కంటి మీద గూడా లెక్కలేసుకుంటాడు, సూడ్డం మానేస్తాడు' అన్నాడు."

ఆయన నన్ను ఎంత సరిగ్గా కొలిచారో చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు; ఆ రాత్రి ఇంటికొచ్చి నేను చేసిన మొదటి పని లెక్క వేయడమే. ఊరికే ఊహించి మూడుకు మూడు కొట్టడానికి ఇరవై ఏడింటిలో ఒక్క అవకాశం ఉంది. మునిరత్నానికి వచ్చినది ఊహించేవాడికి సగటున వచ్చేదే.

ఆయన వల్ల నాలో మిగిలింది ఏమిటని నా శ్రీమతి అడుగుతూ ఉంటుంది. అసూయ పోయిందని చెప్పలేను. పోయిందనడానికి నా దగ్గర ఆధారం లేదు. మునిరత్నం పేరు వినగానే ఇప్పటికీ గుండెలో ఏదో ఒక మూల చురుక్కుమంటుంది. అయితే ఎవరి పనినైనా తూచవలసి వచ్చినప్పుడు, ముఖ్యంగా ఆ మనిషంటే నాకు కిట్టనప్పుడు, ముందు పేరు మూసిపెట్టమంటాను. పోయిన ఏడు మా అపార్ట్‌మెంటు సంఘంలో రంగుల పనికి నమూనాలు తెచ్చినప్పుడూ అలాగే చేయించి, నాకు బొత్తిగా గిట్టని మేస్త్రీ గోడనే ఎంచుకున్నాను. పేరు తెరిచాక కష్టంగానే ఉంది. తీర్పు మాత్రం మార్చలేదు. వాడి కడుపులోనూ మండిందన్న మాట తలచుకుంటే మాత్రం, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా, నాకు హాయిగానే ఉంటుంది.

2004 ఆగస్టు ఏడు, ఎనిమిది తేదీల పరీక్ష తుది లెక్క ఇది. మునిరత్నానికి మూడింటిలో ఒకటి. నాకు మూడింటిలో మూడు. నెగ్గింది మునిరత్నం కార్డు.